ఆచార్య రంగాగారు, మా తాత అడిగిన లెక్క

సావనీరుకి ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం కార్యదర్శీ, అతనితోపాటు మరో ఇద్దరు కుర్రాళ్ళూ పోయిన నెలలో మా ఇంటికి వచ్చారు. నేను రిటైరైన ఎకనామిక్సు మాస్టార్ని గనుక ఎవరైనా గొప్ప ఆర్థికవేత్త జీవితం రాస్తే బాగుంటుందని వాళ్ళ కోరిక. ఎవరిమీద రాయమంటారని అడిగితే అమర్త్య సేన్ గారి పేరు చెప్పారు. మన తెలుగువాడు ఎవరూ లేరా అన్నాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రంగాగారు లేరూ అన్నాను. వ్యవసాయ యూనివర్సిటీకి ఉన్న పేరు ఆయనదేనా అని ఒకతను అడిగాడు. ఆయన ఎకనామిక్సు ప్రొఫెసరని మాత్రం ముగ్గురికీ తెలియదు.

తప్పు వాళ్ళది కాదు. పరీక్షకి రాని పేరు ఎవరికి గుర్తుంటుంది? ఆ మాటకొస్తే నేను బి.ఏ. చదివే రోజుల్లో నాకూ తెలియదు. ఖద్దరు టోపీ పెట్టుకున్న ముసలి పార్లమెంటు సభ్యుడు అనే అనుకునేవాణ్ణి. అందుకే ఈ వ్యాసం ఆయన మీదే రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. నేను రంగాగారి భక్తుణ్ణి కాను. ఆయనతో నాకొక పాత తగాదా ఉంది. అది నాకు మా తాత దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి. మా వంశంలో వచ్చిన ఆస్తి కూడా అదొక్కటే.

గోగినేని రంగనాయకులు అనే ఎన్.జి. రంగా 1900 సంవత్సరం నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో జన్మించారు. సొంత ఊళ్ళోనూ, గుంటూరులోనూ చదువుకుని, ఆ తరవాత ఓడెక్కి ఆక్స్‌ఫర్డు వెళ్ళారు. 1926లో అర్థశాస్త్రంలో బి.లిట్. పట్టా తీసుకున్నారు. ఆ రోజుల్లో సీమకి వెళ్ళిన తెలుగు కుర్రాళ్ళలో ఎక్కువమంది బారిస్టరు కావడానికో, ఐ.సి.ఎస్. కావడానికో వెళ్ళేవారు. ఆక్స్‌ఫర్డులో కూర్చుని కృష్ణా డెల్టా పల్లెటూళ్ళలో కమతాలూ, అప్పులూ, కూలి రేట్ల గురించి ఆలోచించిన మనిషి అరుదు. అది మొదటి లేబర్ ప్రభుత్వం ఏర్పడిన కాలపు ఇంగ్లండు. ఎక్కడ చూసినా కార్మికుల గురించే మాట్లాడుకుంటున్నారు. ఫ్యాక్టరీ కార్మికుడికి సిద్ధాంతం ఉంది, సంఘం ఉంది, పార్టీ ఉంది. మరి మన రైతుకి ఏముంది? రంగాగారు తరవాత డెబ్భై ఏళ్ళపాటు చేసిన పనంతా ఈ ప్రశ్నకి సమాధానం వెతకడమేనని నా అభిప్రాయం.

భారత గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన రాసిన పుస్తకం మొదటి సంపుటం 1926లోనే బెజవాడలో అచ్చయింది. అందులో చెప్పిందంతా డెల్టా పల్లెల గురించే. రెండో సంపుటం 1929లో వచ్చింది. ఆ పుస్తకాన్ని నేను మొదట చూసింది ఎం.ఏ. చదువుతూ వాల్తేరు లైబ్రరీలో. అట్ట ఊడిపోయి, పురికొసతో కట్టి ఉంది. మార్షల్‌నీ, కీన్స్‌నీ బట్టీ పట్టే నాకు మన ఊళ్ళ సంగతులు ఇంగ్లీషు పుస్తకంలో అచ్చులో కనిపించేసరికి ఒళ్ళు జలదరించింది. పంటలు, పాడి, ఎరువు, మార్కెట్టు, వడ్డీ, చేతివృత్తులు అన్నీ శాస్త్రంలో భాగమేనన్నమాట! మా ఊరు కూడా ఎకనామిక్సే అన్నమాట! ఈనాటి విద్యార్థులకి ఇది చిన్న విషయంగా కనబడవచ్చు. గ్రామ సర్వే అంటే ఇప్పుడు ప్రాజెక్టు వర్కులో ఒక భాగం, పక్కవాడి కాగితం చూసి నింపేస్తారు. 1926లో అది కొత్త దారి.

ఆక్స్‌ఫర్డు నుంచి వచ్చాక ఆయన మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యులుగా చేరారు. పాఠాలు చెప్పింది మూడు నాలుగేళ్ళు. 1930లో గాంధీగారి పిలుపుతో ఉద్యోగం వదిలేశారు. ఆచార్య అనే మాట మాత్రం చివరిదాకా ఆయన్ని వదల్లేదు. ముప్ఫై మూడేళ్ళు నల్లబల్ల ముందు నుంచున్న నాబోటివాడు వట్టి మాస్టారుగానే మిగిలాడు, అది వేరే సంగతి!

ఆ రోజుల్లోనే చేనేత మీద కూడా ఒక పుస్తకం రాశారు. దక్షిణదేశపు నేతగాళ్ళ బతుకు మీద జరిపిన పరిశీలన అది, 1930లో వచ్చింది. మన పెద్దాపురం కుర్రాళ్ళకి ఆ పుస్తకం చూపించాలని నాకెప్పుడూ ఉండేది. మన ఊరి పట్టు తెలియనివారుండరు. మరిడమ్మ తల్లి తీర్థానికి వచ్చే చుట్టాలు పట్టు చీర కొనకుండా వెళ్ళేవారు కాదు. ఆ చీర వెనకాల నూలు అప్పు ఇచ్చే షావుకారు ఉంటాడు, కూలికి నేసే మనిషి ఉంటాడు, ఆసులు పోసే ఆడవాళ్ళుంటారు, వాళ్ళ కూలి లెక్కలోకే రాదు. ఇదంతా అర్థశాస్త్రం కింద రాసి పుస్తకం వెయ్యాలని తోచడమే గొప్ప.

ఇక మన గోదావరి ప్రాంతంతో ఆయనకి పడిన ముడి గురించి చెప్పాలి. అది శిస్తు ముడి. మద్రాసు ప్రభుత్వం ముప్ఫై ఏళ్ళకోసారి రైత్వారీ భూముల శిస్తుని తిరగరాసేది. దాన్నే రీసెటిల్‌మెంటు అనేవారు. 1920ల చివర్లో గోదావరి, కృష్ణా డెల్టాలకి ఆ గడువు వచ్చింది. శిస్తు నూటికి 18¾ వంతున పెంచాలని నిర్ణయమైంది. అంటే రూపాయికి మూడణాలు. పది రూపాయలు కట్టే రైతు పదకొండు రూపాయల పద్నాలుగణాలు కట్టాలి. చూడ్డానికి పెద్ద మొత్తం కాదు. అదే సమయంలో 1929లో ప్రపంచమంతటా మాంద్యం వచ్చిపడింది. రెండు మూడేళ్ళలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు రూపాయల్లో కట్టాలి, ధర పడిందని సర్కారు రూపాయిని చిన్నది చెయ్యదు గదా. నిన్న ఒక బస్తా అమ్మి కట్టిన శిస్తుకి ఇవాళ రెండు బస్తాలు అమ్మాలి, ఆపైన మూడణాల పెంపు. 1928లో బార్డోలీ రైతులు గెలిచిన కబురు అప్పటికే ఊరూరా పాకింది. రంగాగారు ఈ పెంపుకి వ్యతిరేకంగా ఊళ్ళు తిరిగారు, లెక్కలు కట్టారు, సభలు పెట్టారు. రైతు ఖర్చు ఇంత, రాబడి ఇంత, మిగులు లేనప్పుడు మిగులు మీద పన్నేమిటని అడగడానికి ఆయన చదువు పనికివచ్చింది. నినాదాలు ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. కమతం ఖర్చు అణా పైసలతో చెప్పగలిగినవాడు ఉంటే అవతలివాడు నోరు మూసుకోవలసి వస్తుంది.

మన పెద్దాపురం డెల్టా అంచున ఉంది. సామర్లకోట కాలవ అవతల పల్లం, ఇవతల మెట్ట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పల్లపు ఊళ్ళ కథ ఒకలా నడిచింది, కాటన్ దొర నీళ్ళు ఎక్కని మెట్ట కథ ఇంకోలా నడిచింది. వత్సవాయి రాజుల పెద్దాపురం సంస్థానం పందొమ్మిదో శతాబ్దంలోనే చితికిపోయింది గాని, పక్కనే పిఠాపురం జమీందారీ 1948 చట్టం వచ్చేదాకా ఉంది. మా తాత అలాంటి జమీందారీ ఊరివాడు. రైత్వారీ శిస్తు పెరిగినా తరిగినా ఆయనకి సంబంధం లేదు. ఆయన కట్టేది జమీందారుకి కూడా కాదు. జమీందారుకి కట్టే రైతు దగ్గర ఎకరంన్నర మక్తాకి చేసుకుని, మిగతా రోజులు కూలికి పోయేవాడు. మా తగాదాకి మూలం ఇక్కడుంది, తరవాత చెబుతాను.

1930లోనే రంగాగారు కేంద్ర శాసనసభకి ఎన్నికయ్యారు. 1933లో జమీందారీ రైతుల ఆర్థిక స్థితిగతుల మీద పుస్తకం రాశారు. ఆ ఏడాదే నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టారు. నాకు ఆయన చేసిన పనులన్నిటిలోకీ ఇది ఇష్టం. కాలేజీ వదిలేసిన ప్రొఫెసరు తన ఊళ్ళో తానే కాలేజీ పెట్టుకున్నాడు! పల్లెటూరి కుర్రాళ్ళని తెచ్చి, శిస్తు అంటే ఏమిటి, మారకం రేటు అంటే ఏమిటి, చట్టం ఎలా చదవాలి, సభలో ఎలా మాట్లాడాలి అని నేర్పడం అక్కడి పని. అక్కడ తయారైన కుర్రాళ్ళు ఊళ్ళకి పోయి రైతు సంఘాలు పెట్టారు. కొందరు తరవాత ఆయన్నే ఎదిరించారు. నా దృష్టిలో అది బడి బాగుందనడానికి గుర్తే.

భార్య భారతీదేవిగారు కూడా ఉద్యమంలో పాల్గొని జైలుకి వెళ్ళిన మనిషి. 1920లలోనే ఆయన తమ మంచినీళ్ళ బావిని హరిజనులకి, ఆనాడు ఆ మాటే వాడేవారు, తెరిచిపెట్టారు. హరిజన నాయకుడు అనే తెలుగు నవల కూడా రాశారు. అర్థశాస్త్రవేత్తలు నవలలు రాయడం అరుదు. వాళ్ళ లెక్కలే నవలల్లా ఉండటం మాత్రం చూశాను.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. అదే ఏడాది డిసెంబరులో ఫైజ్‌పూరులో జరిగిన రెండో మహాసభకి ఆయనే అధ్యక్షత వహించారు. ఆ తరవాతి ఏడాది ఆంధ్ర రైతుల మహాయాత్ర బయలుదేరింది. ఇచ్ఛాపురంలో మొదలై మద్రాసు దాకా, పదిహేను వందల మైళ్ళు, తొమ్మిది జిల్లాలు, నూట ముప్ఫై రోజులు. రెండు వేలమంది రైతులు. దారిపొడుగునా వందలాది సభలు. పదకొండు వందలకి పైగా అర్జీలు పోగుచేసి 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకి అందజేశారు. ముఖ్యమైన కోరిక రుణభారం తగ్గించాలని. ఆ ఏడాదే రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకి ముందు చేసిన పాత బాకీల మీద 1937 అక్టోబరు 1 నాటికి నిలవ ఉన్న వడ్డీ రద్దయింది. అసలుకి రెండింతలు అప్పటికే కట్టినవాడి బాకీ పూర్తిగా తీరినట్టే లెక్క. ప్రకాశం పంతులుగారి ఆధ్వర్యంలో జమీందారీ విచారణ సంఘం కూడా అప్పుడే పనిచేసింది. ఇదంతా రంగాగారు ఒక్కరే చేశారని నేననను. యాత్ర నడిపినవాళ్ళలో ఆయనతో పడని కమ్యూనిస్టులూ ఉన్నారు. కాని రైతు సంఘం అన్న మాటకి ప్రాణం పోసినవాళ్ళలో ఆయనది మొదటి వరస.

ఆ యాత్ర మా ప్రాంతం మీదుగా వెళ్ళినప్పుడు నువ్వు చూశావా తాతా అని నేనొకసారి అడిగాను. చూడలేదన్నాడు. కుప్పనూర్పిళ్ళ రోజులట, ఒక్కరోజు పనిలోకి పోకపోతే మర్నాడు పిలవరని వెళ్ళలేదట. వాళ్ళ కామందు మాత్రం వెళ్ళి దండలు వేసి వచ్చాడట. ఇంత చెప్పి తాత ఒక ప్రశ్న అడిగాడు. ఆ రంగాగారు రైతు రైతు అన్నాడు గదా, ఆ రైతులో నేను ఉన్నానా లేనా, నువ్వు పెద్ద చదువులు చదువుతున్నావు, లెక్క చూసి చెప్పమన్నాడు.

నేనప్పుడు వాల్తేరు నుంచి సంక్రాంతి సెలవలకి వచ్చాను. జవాబు చెప్పలేక మాట మార్చాను. తిరిగి వెళ్ళి, పురికొస కట్టిన ఆ పుస్తకాన్నీ, ఆయన మిగతా పుస్తకాలు దొరికినంతవరకూ తిరగేశాను. నాకు అర్థమైనంతలో రంగాగారి సిద్ధాంతం ఇది. రైతు పెట్టుబడిదారు కాదు, కూలివాడూ కాదు. తన చేనులో తానూ, తన పెళ్ళాం పిల్లలూ రెక్కలు ముక్కలు చేసుకునే స్వయం శ్రమజీవి. నేతగాడూ, కమ్మరీ, కుమ్మరీ కూడా అలాంటివాళ్ళే. పట్నం, ఫ్యాక్టరీ, బ్యాంకు, సర్కారు వీళ్ళందరూ ధర రూపంలో, పన్ను రూపంలో, వడ్డీ రూపంలో ఈ స్వయం శ్రమజీవుల్ని పిండుతున్నారు. కాబట్టి పల్లె అంతా ఒక్కటై నిలబడాలి. పల్లెలో పల్లెకి తగువు పెట్టేవాడు రైతు శత్రువు.

వినడానికి చాలా బాగుంది. సగం నిజం కూడా. మెట్టలో దుంప పండించినవాడికి, సగ్గుబియ్యం మిల్లు దగ్గర ఆ ఏడాది ధర ఎవరు నిర్ణయిస్తారో తెలిస్తే మిగతా సగం కూడా నిజమేననిపిస్తుంది. కర్రపెండలం పీకిన రోజునుంచీ పాడైపోవడం మొదలవుతుంది, నాలుగు రోజులు ఆగి అమ్ముతానంటే కుదరదు. రంగాగారి లెక్క అక్కడ తూచినట్టు సరిపోతుంది. కాని పల్లె ఒక్కటి కాదు గదా. కామందు స్వయం శ్రమజీవి అయితే ఆయన చేనులో మక్తాకి చేసే మా తాత ఎవరు? పట్నం కామందుని పిండితే, కామందు ఎవర్ని పిండాడు? ఆ పుస్తకాల్లో కూలివాళ్ళ గురించి లేదని కాదు. ఉంది, జాలిగానే ఉంది. కాని రైతు అనే మాట వచ్చినప్పుడు ఆ మాట కింద పట్టా ఉంది.

స్వాతంత్ర్యం వచ్చింది. రంగాగారు రాజ్యాంగ సభలో సభ్యులయ్యారు. లక్ష్యాల తీర్మానం మీద చర్చలో ఈ దేశపు అసలైన అల్పసంఖ్యాకులు నోరులేని కోట్లాది పల్లె ప్రజలేనని ఆయన వాదించారు. గిరిజనుల గురించీ, రైతు కూలీల గురించీ గట్టిగానే మాట్లాడారు. ఆ మాటలు చదివినప్పుడు నా తగాదా కొంత మెత్తబడిందని ఒప్పుకోవాలి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందార్లు పోయారు. ముప్ఫైల నుంచీ రంగాగారు కోరిందే అది. పట్టాలు రైతులకి వచ్చాయి. మా తాత కామందుకి వచ్చింది. మా తాత మక్తాదారుగానే ఉన్నాడు. జమీందారీ పోయిన ఏడాది తమ ఊళ్ళో సంబరం చేశారనీ, తానూ అందరితోపాటు పప్పుబెల్లాలు తిన్నాననీ, మర్నాడు మక్తా గింజలు అంతకుముందులాగే కొలిచాననీ తాత నవ్వుతూ చెప్పేవాడు. నిష్ఠూరం లేదు ఆ నవ్వులో. అదే నన్ను బాధపెట్టేది.

తరవాత రాజకీయాలు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే పార్టీలు మారిన వరస రాస్తే సావనీరు చాలదు. 1951లో కాంగ్రెస్సు విడిచి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. శ్రీకాకుళానికి చెందిన గౌతు లచ్చన్నగారు ఆయనకి కుడిభుజం. మళ్ళీ కాంగ్రెస్సులోకి వచ్చి 1957లో తెనాలి నుంచి లోక్‌సభకి గెలిచారు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెస్సు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. రైతులు పొలాలు కలిపేసి ఉమ్మడిగా దున్నుకోవాలని నెహ్రూగారి ఆశ. రంగాగారు ఒప్పుకోలేదు. ప్రధానమంత్రి బలం ఉచ్చస్థితిలో ఉన్న రోజుల్లో పార్టీకి రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు. ఆ ఏడాదే రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి వ్యవస్థాపక అధ్యక్షులయ్యారు. ఒకనాడు కిసాన్ సభలో ఎర్రజెండాల పక్కన కూర్చున్న మనిషి మిల్లు యజమానులూ, మాజీ సంస్థానాధీశులూ ఉన్న పార్టీకి అధ్యక్షుడయ్యాడని చాలామంది వెక్కిరించారు. వెక్కిరించడం తేలిక. ఆయన దృష్టిలో తాను మారలేదు. రైతు చేతిలోంచి పొలం తీసుకునేది జమీందారైనా సర్కారైనా ఆయనకి ఒక్కటే.

ఆ తగవులో ఆర్థికశాస్త్రం ఆయన పక్షాన ఉందా అని నన్నడిగితే సగం ఉందంటాను. 1950లలో ప్రభుత్వమే జరిపించిన కమతాల సర్వేల్లో చిన్న కమతంలో ఎకరానికి దిగుబడి పెద్ద కమతం కన్నా ఎక్కువని తేలింది. 1962లో అమర్త్య సేన్ గారు దాని మీద రాసిన చిన్న వ్యాసం దేశమంతా చర్చ లేపింది. (చూశారా, కుర్రాళ్ళు అడిగిన పేరు కూడా వచ్చింది.) సొంత మనుషుల రెక్కల కష్టాన్ని కూలి లెక్కన కొలవరు, అందుకే చిన్న రైతు ఇంకా ఇంకా పని పోస్తాడన్నది అందులోని కీలకం. అంటే పొలాలు కలిపేస్తే దిగుబడి పెరుగుతుందన్న ప్రభుత్వ నమ్మకానికి ఆధారం లేదు. రంగాగారు గెలిచినట్టే. కాని అదే లెక్కకి రెండో వైపు ఉంది. చిన్న కమతమే మేలైతే పెద్ద కమతాలు చీల్చి పంచడం కూడా మేలే కావాలి. ఆ మాట దగ్గర రంగాగారు ఆగిపోయారు. భూ గరిష్ఠ పరిమితిని వ్యతిరేకించారు. 1964 నాటి 17వ రాజ్యాంగ సవరణని పార్లమెంటులో గట్టిగా ఎదిరించారు. ఒక్క లెక్కలో ఒక వరస తీసుకుని రెండో వరస వదిలేసినందుకు మా క్లాసులో అయితే సగం మార్కులే వేసేవాణ్ణి.

1962లో ఓడిపోయి, ఆ ఏడాదే చిత్తూరు ఉపఎన్నికలో గెలిచారు. 1967లో శ్రీకాకుళం నుంచి వెళ్ళారు. స్వతంత్ర పార్టీ సన్నగిల్లాక మళ్ళీ కాంగ్రెస్సు గూటికే చేరారు. 1980 నుంచి 1991 దాకా గుంటూరు సభ్యులు. 1930లో తెల్లదొరల శాసనసభలో అడుగుపెట్టిన మనిషి తొంభై ఏళ్ళ వయసులో లోక్‌సభలోంచి బయటికి వచ్చారు. 1991లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అరవైకి పైగా పుస్తకాలు రాశారు. అంతకాలం పదవుల దగ్గర్లో తిరిగీ మంత్రి పదవిలో కూర్చోలేదు. ఇది ఆయన గొప్పతనమో, దురదృష్టమో చెప్పలేను. ప్రభుత్వానికి ఎదురుగా లెక్క కట్టడం అలవాటైన మనిషికి ప్రభుత్వం తరఫున లెక్క చెప్పడం కుదరదేమో.

1995 జూన్‌లో ఆయన పోయారు. మా తాత అప్పటికే లేడు. ఆ మర్నాడు పేపరు చదివి మా నాన్నకి చెప్పాను. నాన్న కాసేపు ఊరుకుని, పెద్దమనిషి అన్నాడు.

మరుసటి ఏడాది, 1996 నవంబరు 6 రాత్రి, తూర్పు గోదావరి మీద ఆ పెనుగాలి వచ్చింది. నాన్న తాత చేసిన చేనే కౌలుకి చేస్తున్నాడు. ఈనిన వరి ఒక్క రాత్రిలో నేలకి కరుచుకుపోయింది. నష్టపరిహారం రాసుకోవడానికి మనుషులు వచ్చారు. పాస్‌బుక్కు ఎవరి పేరున ఉందని అడిగారు. విత్తనం నాన్నది, ఎరువు నాన్నది, షావుకారు దగ్గర అప్పు నాన్నది. పాస్‌బుక్కు వేరేవారిది. డబ్బు పాస్‌బుక్కుకి వెళ్ళింది. ఆ పొలం ఆసామి చెడ్డవాడు కాదు, కొంత తెచ్చి ఇచ్చాడు కూడా. కాని అది ఆయన దయ, నాన్న హక్కు కాదు. ఆ సంవత్సరమే వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. ఒకే ఏడాదిలో ఈ రెండూ జరగడంతో నాకు తాత అడిగిన లెక్క మళ్ళీ గుర్తుకొచ్చింది.

ఇంత రాశాక నాకు ఒకటి అనిపిస్తోంది. రంగాగారి మీద నేను ఈ తగువు పెట్టుకోగలుగుతున్నానంటే, పల్లెటూరి మనిషి బతుకుని లెక్కగట్టి వాదించవచ్చని నాకు నేర్పింది ఆయన పుస్తకమే. తాత ప్రశ్న ఆ పుస్తకంలో లేదు. ఆ ప్రశ్నని ఏ పద్ధతిలో అడగాలో మాత్రం అందులో ఉంది. ఎవరి పొలం, ఎవరి పెట్టుబడి, ఎవరి రెక్కలు, ఎవరి అప్పు, చివర్న ఎవరి చేతికి ఎంత. ఈ అయిదు గడులూ గీసి మా ఊరి నలభై ఇళ్ళకి ఒక ఎండాకాలం సెలవల్లో నేనూ కాగితం నింపాను. అచ్చు వేయలేదు. బీరువాలో ఉంది. మీలో ఎవరికైనా ప్రాజెక్టుకి కావాలంటే వచ్చి చూసుకోవచ్చు, కాని కాపీ కొట్టకండి, మళ్ళీ ఇంటింటికీ తిరగండి.

2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కౌలు రైతుకి కార్డు ఇస్తారన్నారు. మా వీధి చివర ఉండే ఒక కౌలు రైతు అర్జీ నింపిపెట్టమని ఆ కాగితం నా దగ్గరికి తెచ్చాడు. పేరు, ఊరు, సర్వే నంబరు, ఎకరాలు, పంట అన్నీ రాశాను. అడుగున భూయజమాని సంతకానికి ఒక గడి ఉంది. అడిగావా అన్నాను. అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వనన్నారండీ అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాఫీ తాగి, ఊడుపులకి మనుషుల్ని చూసుకోవాలంటూ వెళ్ళిపోయాడు.